మోంజాలో చేతులు మారిన మూడు పాయింట్లు

(మోంజాలో జరిగిన ఫార్ములా వన్ కార్ల రేసు, 2025 ఇటాలియన్ గ్రాండ్ ప్రీలో రెడ్ బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్ గెలిచాడు. వెనక మెక్‌లారెన్ డ్రైవర్ పియాస్త్రి, జట్టు అడగ్గానే సహచరుడు నారిస్‌కు రెండో స్థానం వదిలేశాడు. ఛాంపియన్‌షిప్‌లో నారిస్ మీద పియాస్త్రి ఆధిక్యం 34 పాయింట్ల నుంచి 31కి తగ్గింది. దాని మీదే ఈ అక్కాతమ్ముళ్ల వాదన.)

అక్క: టైర్లు మార్చే చోట, అదే పిట్‌లో, నారిస్ కారు దాదాపు 6 సెకన్లు నిలబడిపోయి పియాస్త్రి వెనక పడింది. అందులో పియాస్త్రి తప్పేముందిరా? స్లో పిట్‌స్టాప్ రేసింగ్‌లో భాగమని ముందే అనుకున్నాం కదా అని రేడియోలో అడిగాడు. అడిగి కూడా, మీరు కావాలంటే ఇస్తానన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

తమ్ముడు: ముందున్న కారుకే ముందు పిట్ కదక్కా. ఆ వంతు నారిస్‌ది. వెనకున్న ఫెరారీ డ్రైవర్ లెక్లెర్ నుంచి ముప్పు రాకుండా పియాస్త్రిని ముందు పిలిచారు. దీనివల్ల నీ స్థానం పోదని చెప్పాకే నారిస్ ఒప్పుకున్నాడు. మాటిచ్చి తప్పితే రేపు ఏ డ్రైవరైనా జట్టును నమ్ముతాడా?

అక్క: ఆ మాట అండర్‌కట్ గురించి, అంటే ముందు పిట్‌కెళ్లి కొత్త టైర్లతో ముందుకొచ్చేయడం గురించి! చక్రం దగ్గర చిక్కొస్తే దానికీ హామీ ఉంటుందా? అంతకు ముందు వారమే జాండ్‌వోర్ట్ రేసులో ఆయిల్ లీకై నారిస్ రెండో స్థానంలోంచి తప్పుకున్నాడు. అదీ కారు లోపమే. ఆ 18 పాయింట్లు ఎవరైనా తిరిగిచ్చారా?

తమ్ముడు: ఆగిపోయిన కారుకు ఏం ఇస్తారు? ఇక్కడ ఇద్దరూ ట్రాక్ మీదే ఉన్నారు. 2024 హంగరీలో నారిస్‌ను ముందు పిట్‌కు పిలిచారు, ముందుకొచ్చాడు. చివర్లో గెలుపు పియాస్త్రికి వదిలేశాడు. పియాస్త్రికి ఫార్ములా వన్‌లో అదే మొదటి విజయం. అప్పుడు న్యాయమేనన్నావు నువ్వు.

అక్క: అన్నాను, ఇప్పుడూ అంటాను. అక్కడ తేడా తెచ్చింది జట్టు వ్యూహం. ఇక్కడ తెచ్చింది పొరపాటు. సీజన్ ఎలా ముగిసిందో చూడు. నారిస్ 423, వెర్‌స్టాపెన్ 421. ఆ 3 తీసేస్తే నారిస్‌కు మిగిలేది 420.

తమ్ముడు: అంటే టైటిలే చెయ్యి జారేది! జట్టు చేసింది మంచి పనేగా?

అక్క: జట్టుకు మంచిదే. పియాస్త్రికో? మోంజా తర్వాతి రేసు, బాకులో, మొదటి ల్యాప్‌లోనే గోడను గుద్దాడు. 34 పాయింట్ల ఆధిక్యంతో మోంజాకు వచ్చినవాడు 410తో మూడో స్థానంలో ఆగిపోయాడు.

తమ్ముడు: బాకు తప్పు అతనిదే. మోంజా మీద వేయకు.

అక్క: వేయనులే. కానీ ఆ మూడు పాయింట్లూ నారిస్ నడిపి సంపాదించాడని మాత్రం నా చేత అనిపించలేవు.

తమ్ముడు: పిట్‌లో స్థానం పోయింది మాత్రం అతని డ్రైవింగ్ వల్లా అక్కా?