కొక్కెం కాటా వారి సముఖానికి

మహారాజశ్రీ కొక్కెం కాటా వారి సముఖానికి, విజయవాడ నుంచి ఒకప్పటి పాఠకురాలు వ్రాయు విన్నపం. ఉభయకుశలోపరి.

పోయిన ఆదివారం మా మూడో అంతస్తు వరండాలో, పాత సామాన్లు కొనే అబ్బాయి చేతికి వేలాడుతూ, మీరు మా ఇంటి సాహిత్యాన్ని తూచి వెళ్లారు. గుర్తుండే ఉంటుంది. పక్కవాటావారి విరిగిన కుర్చీ, ఎదురింటివారి తుప్పుపట్టిన కూలరు అయ్యాక మా వంతు వచ్చింది.

ముందుగా మీకు నమస్కారం. ముప్పై ఏళ్లుగా పుస్తకాలు కొంటున్నాను. ఏది గొప్పది, ఏది చెత్త అని సభల్లో పెద్దపెద్దవాళ్లు కండువాలు జారిపోయేలా వాదించుకోవడం చూశాను. మీ అంత పక్షపాతం లేని విమర్శకులు మాత్రం తారసపడలేదు. విప్లవ కవిత్వాన్నీ వ్రతకల్పాన్నీ ఒకే గోతంలో వేయించి, ఒకే కొక్కేనికి తగిలించుకుని, ఒకే ధర పలికారు. పైగా మీకు తూనికలు, కొలతల శాఖవారి ముద్ర ఉండాలంటారు. విమర్శకులకు కూడా అలాంటి తనిఖీ ఒకటి పెడితే ఎంతమంది నిలుస్తారో!

ఒక్క చోట నొచ్చుకున్నాను. వార్తాపత్రికలు కిలో 14 రూపాయలు, పుస్తకాలు 10. అదేమిటయ్యా అంటే మీ యజమాని ఓపికగా చెప్పాడు: "పేపరయితే పొట్లాలకు పోతుందమ్మా. పుస్తకానికి అట్ట చింపాలి, జిగురు ఊడదీయాలి, పిన్నులు పీకాలి. పని ఎక్కువ." పుస్తకాలతో పని ఎక్కువన్న మాట మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా వింటున్నదే కాబట్టి బేరమాడలేదు.

అసలు ఇంతదాకా ఎందుకు వచ్చిందంటే, మా అత్తయ్యగారికి మోకాలి ఆపరేషను అయింది. తెనాలిలో ఒంటరిగా మెట్లెక్కి దిగలేరు. మాది రెండు పడకగదుల ఇల్లు. ఆవిడ మంచం పట్టే గోడ ఒకటే ఉంది, ఆ గోడకు నా పుస్తకాల బీరువాలు రెండు ఉన్నాయి. "అమ్మ మంచమా, నీ పుస్తకాలా, నువ్వే చెప్పు" అన్నారు మావారు. అది ప్రశ్న కాదని పెళ్లయినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అటక ఎక్కిద్దామంటే అక్కడ కుక్కరు పెట్టె, టీవీ పెట్టె, ఫ్రిజ్జుతో వచ్చిన థర్మాకోలు ముక్కలు కాపురముంటున్నాయి. వారంటీ 2014లో తీరిపోయిన వస్తువైనా సరే, దాని పెట్టెను పారేయకూడదట. "అన్నీ ఫోనులో దొరుకుతాయమ్మా" అని మా అమ్మాయి ఓదార్చింది. నిజమే, ఆ ఫోను దాని చేతిలోంచి నాకు దొరికితే.

నా వైపు మాత్రం ఏమంత ధర్మం ఉంది? నాలుగేళ్లుగా ఒకే నవల 62వ పేజీలో ఉన్నాను. కుక్కరు మొదటి కూతకు తెరిచి మూడో కూతకు మూసేదాన్ని. మళ్లీ తెరిచేసరికి ఎవరికి ఎవరు మేనమామో మరచిపోయి మొదటికి వచ్చేదాన్ని. అయినా ఏటా జనవరిలో పుస్తక ప్రదర్శనకు వెళ్లి, సంచి నిండా కొని, మావారి కంటపడకుండా బిల్లు దాచడంలో లోటు చేయలేదు. బీరువాలు దులుపుతుంటే పేజీల మధ్యనుంచి సిటీ బస్సు టికెట్లు, గ్యాసు రసీదులు, ఎండిన రావి ఆకు రాలాయి. మా అబ్బాయి టీకాల కార్డు కూడా రాలింది. వాణ్ని బడిలో వేసేటప్పుడు దాని కోసం ఇల్లు తలకిందులు చేశాం. వాడిప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఆ కార్డు దొరికింది పిల్లల పెంపకం గురించిన పుస్తకంలో, 11వ పేజీ దగ్గర.

నేరుగా మీ దగ్గరికే రాలేదు లెండి. 1914లో ఊరూరి గ్రంథాలయాలవాళ్లు కూడి మహాసభ జరుపుకున్న ఊరు కదా మాది, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం కదా అన్న ధైర్యంతో రెండు సంచులు మోసుకుని ఒక గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడి ఉద్యోగి ఎంతో మర్యాదస్థుడు. తీసుకోవడానికి అభ్యంతరం లేదుగానీ పెట్టడానికి చోటు లేదన్నాడు. బీరువాలతో సహా ఇస్తే ఆలోచిస్తామన్నాడు. ఈ సంగతి చెప్పగానే మావారికి జీవితంలో మొదటిసారి గ్రంథాలయోద్యమం మీద ఆసక్తి పుట్టింది. లెనిన్ సెంటరులో పాత పుస్తకాలవాళ్లను అడిగితే పోటీ పరీక్షలవి ఉంటే తెమ్మన్నారు.

ఇక మీరే దిక్కయ్యారు.

మొదటి గోతంలోవి మాస్కో నుంచి వచ్చినవి. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలవారి తెలుగు అనువాదాలు. మా నాన్న విశాలాంధ్ర పుస్తకాల షాపులో సినిమా టికెట్టు ధరకు కొనేవారు. 1991లో ఆ సోవియట్ దేశమే విడిపోయింది, వీటి కుట్టు మాత్రం విడలేదు. మీ అబ్బాయి ఒకదాని అట్ట పట్టుకుని రెండుసార్లు లాగి, లాభం లేక అలాగే గోతంలో పడేశాడు. చూశారుగా.

తాళపత్రాలు రాసిన లేఖకులు చివర్లో ఒక శ్లోకం రాసేవారు. నూనె నుంచి కాపాడు, నీటి నుంచి కాపాడు, వదులు కట్టు నుంచి కాపాడు, మూర్ఖుడి చేతికి ఇవ్వకు అని పుస్తకమే వేడుకుంటుంది అందులో. చదువుకుని, నెల జీతం తెచ్చుకుంటూ, అత్తగారిని చక్కగా చూసుకునే కోడలి చేతినుంచి కూడా కాపాడమని రాయడం పాపం వాళ్లకు తట్టలేదు.

రెండో గోతం మీ కొక్కేనికి ఎక్కాక నాకు చేతులాగలేదు. ఒక పుస్తకం బయటికి తీశాను. మీ ఎర్ర అంకెలు 22.4 నుంచి 22.1కి దిగాయి. మూడు రూపాయల మమకారం. ఇంకోటి తీశాను. ఏడోదానికి "ఇలాగైతే పొద్దుపోతుందమ్మా" అని అబ్బాయి గోతం మూతి బిగించేశాడు. మొత్తం 64 కిలోల 300 గ్రాములు. ఆ 300 గోతాల బరువు కింద కొట్టేసి 640 రూపాయలు చేతిలో పెట్టాడు. ఖాళీ గోడ చూసిన సంబరంలో పిల్లలు పిజ్జా తెప్పించారు. 699. మిగతా 59 నేనే వేసుకున్నాను.

అత్తయ్యగారు సోమవారం వచ్చారు. కిటికీ అరుగు మీద మిగిలిన ఏడింటిలో ఆకుపచ్చ కాలికో గుడ్డ బైండు ఒకటి ఆవిడ చేతికందింది. మా అమ్మ వారపత్రికలోంచి సీరియల్ పేజీలు వారంవారం కత్తిరించి, రెండు సంపుటాలుగా కుట్టించుకున్నదాంట్లో మొదటిది. మూడు రోజులపాటు ఆవిడ టీవీ పెట్టమనలేదు, మోకాలి నొప్పి అనలేదు. కాఫీ చల్లారిపోయినా పట్టించుకోలేదు. నిన్న మధ్యాహ్నం కళ్లజోడు తీసి, "అమ్మాయ్, ఆ పిల్ల రైలు దిగిందే! తర్వాతి పుస్తకం ఎక్కడ పెట్టావు?" అన్నారు.

రెండో సంపుటం గోతం అడుగున ఉండిపోయింది. ఆ రోజే నాకు తెలుసు. కట్టిన మూతి విప్పమనడానికి మొహమాటపడ్డాను.

మావారు తల్లి ముఖం చూశారు, నా ముఖం చూశారు. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకు పెట్టింది పేరని ఫోనులో చదివి, రాత్రినుంచి చీరాల రైళ్ల వేళలు వెతుకుతున్నారు. అత్తయ్యగారు అంతవరకు ఆగేలా లేరు. పూటకోసారి అడుగుతున్నారు.

కాబట్టి నా విన్నపం. రేపు ఆదివారం ఎలాగూ మా వీధికి వస్తారు. ఆకుపచ్చ కాలికో, వీపు మీద మా అమ్మ సిరాతో రాసిన "2" అంకె, ఒక మూల చెదలు కొరికిన గుర్తు. మీకు పేర్లతో పని లేదు కనుక బరువు చెబుతున్నాను: ఆరు వందల గ్రాములు, కాస్త అటూఇటుగా. అట్ట ఊడినా ఫరవాలేదు. ధర మీరే చెప్పండి, గోతం బరువు కలిపే తూచండి.

ఇట్లు,
మూడో అంతస్తు ఆవిడ