‘మునుపటిలా లేదు’ గారికి

అయ్యా ‘మునుపటిలా లేదు’ గారూ,

నమస్కారం. ఈ బుధవారం కూడా మీరు వేళ తప్పలేదు. నేను చదివే బొమ్మల కథల వారపత్రిక కొత్త సంచిక చేతికొచ్చింది, నేనింకా ముఖచిత్రం మీదే ఉన్నాను, పేజీ తిప్పనే లేదు, భుజం వెనక నుంచి మీ గొంతు వినబడింది. “ప్చ్, మునుపటిలా లేదు.” ఏది లేదండీ అని అడుగుదామని తల తిప్పేసరికి మీరు పక్క పాఠకుడి నోట్లోకి మారిపోయారు. మీతో ఎదురుగా మాట్లాడడం ఎప్పటికీ కుదరడం లేదు కాబట్టి ఈ ఉత్తరం.

మీ నివాసం ఎక్కడో ఎరగనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు చెప్పాలి. బ్రిటన్‌లో ‘2000 ఏడీ’ అని సైన్స్ ఫిక్షన్ బొమ్మల కథల వారపత్రిక ఒకటుంది. దాని సంచికని సంచిక అనకూడదు, ప్రోగ్ అనాలి. సంపాదకుడి పేరు థార్గ్, పత్రికవాళ్లు కల్పించిన గ్రహాంతరవాసి. ఆకుపచ్చటి ఒళ్లు, బెటల్‌జ్యూస్ నక్షత్రం వైపు క్వాక్సాన్ అనే ఊరుకాని ఊరు, ఫలహారం థర్మాకోల్ కప్పులు. కథలు రాసేవాళ్లూ బొమ్మలు గీసేవాళ్లూ ఆయన కింద పనిచేసే మరమనుషులు. పాఠకులు ‘ఎర్త్‌లెట్లు’. ఎవరైనా తెలివితక్కువ ఉత్తరం రాస్తే ‘గ్రెక్స్‌నిక్స్’ అని తిడతాడు. తిట్టించుకున్నవాడు ఆ పేజీని బీరువాలో దాచుకుంటాడు. చందా కట్టి మరీ తిట్లు తినే జనం దొరికిన చోట మీరు కాపురం పెట్టారంటే మీ ముందుచూపుకి దండం పెట్టాలి.

మీరు తొంభైల్లో వచ్చారని చాలామంది అనుకుంటారు. పొరపాటు. మొదటి ప్రోగ్ మీద ఉన్న తేదీ 1977 ఫిబ్రవరి 26. వెల 8 పెన్నీలు, పైగా విసిరి ఆడుకోడానికి ఒక ప్లాస్టిక్ చక్రం ఉచితం. ఆ ప్రోగ్‌లో డాన్ డేర్ ఉన్నాడు. 1950లో ‘ఈగిల్’ పత్రికలో ఫ్రాంక్ హాంప్సన్ గీసిన పెద్దమనిషి లాంటి వ్యోమనౌక నాయకుడే, కాకపోతే ఇటలీ చిత్రకారుడు బెలార్డినెల్లి చేతిలో పడి గుర్తుపట్టలేనట్టు తయారయ్యాడు. ‘ఈగిల్’ చదివి పెరిగినవాళ్లు దాన్ని చూసి ముక్కు విరిచారు. గమనించండి, అప్పటికి పత్రిక వయసు ఒక్క వారం కూడా లేదు. దానికి ‘మునుపు’ అనేదే లేదు. అయినా సరే, మీరు పక్కింటి నుంచి ఒక మునుపు అరువు తెచ్చుకుని మరీ బారసాలకి హాజరయ్యారు.

రెండో ప్రోగ్‌లో జడ్జ్ డ్రెడ్ వచ్చాడు, రేపటి నగరంలో పోలీసూ న్యాయమూర్తీ తానే అయినవాడు. ఆ రూపం దిద్దినవాడు చిత్రకారుడు కార్లోస్ ఎజ్‌కెర్రా, ముందుగా అచ్చయింది మాత్రం కుర్రాడు మైక్ మెక్‌మాన్ గీసిన కథ. ఎజ్‌కెర్రా నొచ్చుకున్నాడు. నొచ్చుకోడానికి ఆయన దగ్గర కారణం ఉంది. మీకు అది ఎన్నడూ అవసరం పడలేదు.

ఇక మీ ప్రతిభ పూర్తిగా చూడాలంటే జానీ ఆల్ఫా సంగతి చెప్పుకోవాలి. ఆ రోజుల్లో బ్రిటిష్ ప్రచురణ సంస్థలకి ఒక అలవాటు ఉండేది: కొత్త వారపత్రిక పుట్టించడం, అది నీరసిస్తే కాస్త గట్టిగా ఉన్న పత్రికకి కట్టబెట్టడం, ఆ తర్వాత పేరు కూడా మాయం చెయ్యడం. 1978లో ‘స్టార్‌లార్డ్’ని అలాగే ‘2000 ఏడీ’లో కలిపేశారు. అందులోంచి వచ్చినవాడే ‘స్ట్రాంటియం డాగ్’ జానీ ఆల్ఫా, వేటకుక్కలా నేరగాళ్లని పట్టి డబ్బు పుచ్చుకునే మ్యూటెంట్, అంటే పుట్టుకతోనే ఒంట్లో మార్పులు వచ్చిన మనిషి. ఆ వారం మీరు రెండు పంక్తుల్లోనూ విస్తరి వేయించుకున్నారు. అటువాళ్లకి మంచి కాగితం పోయి నాసి కాగితం వచ్చింది కాబట్టి మునుపటిలా లేదు. ఇటువాళ్లకి ఇంట్లోకి కొత్త ముఖాలు దిగాయి కాబట్టి మునుపటిలా లేదు.

పన్నెండేళ్లు గడిచాయి. 1990లో ఆ జానీని చంపేశారు. అతన్ని అన్నేళ్లూ గీసిన ఎజ్‌కెర్రా, ఆ చావు నేను గీయనని మొహమాటం లేకుండా చెప్పేశాడు. వేరేవాళ్లు గీశారు. అప్పుడు మీరు చేసిన శోకాలు చూడాలి! ఒకనాడు బయటి నుంచి దిగినవాడు ఇప్పుడు మన ఇంటి పెద్దకొడుకు, వాడు లేని పత్రిక మునుపటిలా ఎలా ఉంటుందని. ఇరవై ఏళ్లకి, 2010లో, జాన్ వాగ్నర్ రాస్తే అదే ఎజ్‌కెర్రా గీస్తే, జానీ మళ్లీ లేచి వచ్చాడు. కన్నీళ్లు తుడుచుకుని మీరేమన్నారు? “పోయినవాణ్ణి లేపితే ఆ చావుకి విలువేముంది? మునుపటిలా లేదు.” వచ్చాడని ఒకసారి, పోయాడని ఒకసారి, తిరిగొచ్చాడని ఒకసారి. ఒకే మనిషి మీద మూడుసార్లు వసూలు చేసుకున్నారు. వడ్డీ వ్యాపారులు కూడా ఇంత గట్టిగా ఉండరు.

సినిమా జోలికి ఎక్కువ పోను. 1995 సినిమాలో డ్రెడ్ వేషం కట్టిన స్టాలోన్ హెల్మెట్ తీసి మొహం చూపించాడు, డ్రెడ్ మొహం చూపించకూడదన్న నియమం తెలిసినవాళ్లంతా ఆరోజు మీ పక్షమే, నేనూ మీ పక్షమే. 2012లో కార్ల్ అర్బన్ చివరిదాకా హెల్మెట్ తియ్యలేదు. అడిగింది ఇచ్చారు. హాళ్లు మాత్రం నిండలేదు. ఆ వారం తమరు ఎక్కడ ఉన్నారండీ?

ఇప్పుడు మీ బంధుబలగం. మీరు ఒక్కరే వస్తే పోనీలే అనుకోవచ్చు, ప్రతి బుధవారం కుటుంబసమేతంగా దిగుతారు. మీ తమ్ముడు ‘బొమ్మలు బాగున్నాయి గానీ’. ఈయన వాక్యం పూర్తి చేసినట్టు చరిత్రలో లేదు. మీ బావమరిది ‘పుస్తకంగా వచ్చాక చూద్దాం’. వారంవారం కొనేవాళ్లు ఉంటేనే కదా ఆ పుస్తకం వచ్చేదని ఆయనకి ఎవరూ చెప్పరు, పంట ఇంటికొచ్చాక భోజనానికి వచ్చే రకం. అందరిలోకీ గట్టివాడు మీ పెద్దన్నయ్య ‘ఏమీ జరగలేదు’.

ఈ పెద్దాయన కోసం కాస్త ఆగి లెక్క చెప్పాలి. ప్రోగ్ అంటే ముప్ఫై చిల్లర పేజీలు, అందులో మామూలుగా ఐదు కథలు. ఒక్కో కథకి ఐదో ఆరో పేజీలు. ఆ ఐదు పేజీల్లో మొదటి గళ్లు పోయిన వారం ఏం జరిగిందో గుర్తు చెయ్యడానికి పోతాయి, చివరి గడి వచ్చే వారం దాకా ఊపిరి బిగపట్టించడానికి పోతుంది. మధ్యలో మిగిలింది నాలుగు పేజీల లోపు. ఆ జాగాలో రచయిత ఒక మనిషిని మెట్లు ఎక్కించి తలుపు దాకా తీసుకెళ్లి దాని మీద చెయ్యి వేయించి ‘సశేషం’ అన్నాడనుకోండి, పెద్దాయన పెదవి విరుస్తాడు: ఏమీ జరగలేదు. పోనీ అదే నాలుగు పేజీల్లో నగరం తగలబెట్టి, ఇద్దర్ని చంపి, ఒక రహస్యం బయటపెడితే? పొగ తగ్గకముందే మీరు వస్తారు: ఏమిటీ హడావిడి, మునుపు నెమ్మదిగా, నిండుగా నడిపేవాళ్లు!

తన నగరం మెగా-సిటీ వన్‌లో డ్రెడ్ నడిరోడ్డు మీద తీర్పు చెప్పి అక్కడికక్కడే శిక్ష వేస్తాడు, వాదనా లేదు, అప్పీలూ లేదు. అధికారం అలా తలకెక్కితే ఎలా ఉంటుందో చూసి నవ్వుకోడానికే ఆ పాత్ర. ఆ వ్యంగ్యం మనకి అర్థమైందని మనమంతా మురిసిపోతాం. మురిసిపోతూనే పన్నెండు భాగాల కథకి ఒకటో భాగం చదివి యావజ్జీవం వేస్తాం. డ్రెడ్‌కైనా ముందు నేరం జరగాలన్న పట్టింపు ఉంది.

ఆ డ్రెడ్ గురించే ఇంకొక మాట. ఆయన కాలం మన కాలంతో పాటే నడుస్తుంది, సరిగ్గా 122 ఏళ్లు ముందు. 1977లో మనకి ఒక ఏడు గడిస్తే 2099లో ఆయనకీ ఒక ఏడు గడిచింది. ఇప్పుడు ఆయనకి 80 దాటాయి. బొమ్మల కథల వీరుల్లో ఇలా ముసలివాడయ్యేవాడు అరుదు, అందుకే పాఠకులకి ఆయనంటే ప్రాణం. వీరుడు ముడతలు పడొచ్చు, తప్పు చెయ్యొచ్చు, తన చట్టం మీద తనకే అనుమానం రావొచ్చు. పత్రిక మాత్రం మనం పదకొండో ఏట వదిలిన చోట నిలబడి ఉండాలి! పిల్లల కోసం ప్రత్యేకంగా ‘రీజెన్డ్’ ప్రోగులు మొదలుపెట్టినప్పుడు మీరు మరీ రెచ్చిపోయారు. పిల్లల కోసం పుట్టిన పత్రికలో పిల్లలకి నాలుగు వారాలు చోటిస్తే, యాభై ఏళ్లవాళ్లు అలిగి కూర్చోవడం నేను కళ్లారా చూశాను. వాళ్లలో ఒకడి మొహం నాకు అద్దంలో రోజూ కనిపిస్తుంది.

అవును, దాపరికం ఎందుకు, నేనూ మిమ్మల్ని వాడుకున్నవాణ్ణే. ఓసారి మీ మాట రుజువు చేద్దామనే పాత ప్రోగుల పెట్టె దించాను. నా మనసులో ‘ఆహా’ అని నిలిచిపోయిన కాలంలోంచి ఒక ప్రోగ్ తీశాను. ఐదు కథల్లో రెండు చదివినట్టే గుర్తు లేదు. ఒకటి గుర్తుంది, కానీ గుర్తుండాల్సిన అవసరం లేదు. నాలుగోది పర్వాలేదు. ఐదోది అద్భుతం, నలభై పేజీలుగా నా తలలో ఉన్న ఆ ఘట్టం తీరా చూస్తే ఐదు పేజీలు. అప్పుడు తెలిసింది మీ ఆటేమిటో. పదేళ్ల ప్రోగుల్లోంచి మంచివన్నీ ఏరి, ఒకే ప్రోగ్‌గా కుట్టి, దానికి ‘మునుపు’ అని పేరు పెట్టి నా తలలో పెట్టారు. అలాంటి ప్రోగ్ ఎప్పుడూ అచ్చు కాలేదు. పాపం, ప్రతి బుధవారం వచ్చే కొత్త ప్రోగ్ కుస్తీ పట్టాల్సింది దాంతో.

మీరు ఒక్కసారీ నిజం చెప్పలేదని నేను అనను. అదే నా అసలు ఫిర్యాదు. ఎనభైల్లో రచయిత అలాన్ మూర్, చిత్రకారులు డేవ్ గిబ్బన్స్, బ్రయాన్ బోలండ్ లాంటివాళ్లు అమెరికా కంపెనీల వైపు వెళ్లిపోయారు. ఇక్కడ గీసిన గీత మీద, పుట్టించిన పాత్ర మీద వాళ్లకి హక్కు లేదు మరి. హక్కులన్నీ ప్రచురణ సంస్థవి. గీసినవాడి పేరు కథ పక్కన వెయ్యడం కూడా మొదట్లో లేదు, 1977లో పత్రికలోనే పనిచేసే కెవిన్ ఓ’నీల్ చొరవ చేసి పెట్టిస్తే వచ్చిన మర్యాద అది. తర్వాత 1991లో పత్రిక మొత్తం రంగుల్లోకి మారింది, రంగు పులిమిన కొన్ని పేజీల్లో ఎవరు ఎవర్ని కొడుతున్నారో దీపం పెట్టి వెతుక్కోవాల్సి వచ్చింది. డ్రెడ్ కథలు చాలావరకు వాగ్నర్ చేతుల్లోంచి కొత్తవాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. అమ్మకాలు పడిపోయాయి. పులి నిజంగానే వచ్చింది. మీరు అరిచారు కూడా. కానీ మొదటి వారం నుంచీ ‘నాన్నా పులి’ అంటున్న గొంతు అది. ఎవరు పట్టించుకుంటారు?

ఆ రోజుల్లో పనికొచ్చిన ఉత్తరాలు మీవి కావు. “నాలుగో పేజీ కింది గడిలో కత్తి పట్టుకున్న చెయ్యి ఎవరిది?” అని రాసినవాడు పత్రికకి మేలు చేశాడు. దానికి చిత్రకారుడు జవాబు చెప్పగలడు, వచ్చే వారం సరిగ్గా గీయగలడు. ‘మునుపటిలా లేదు’ అంటే ఏం గీయాలి? పాపం థార్గ్ అంతటివాడు కాలాన్ని వెనక్కి తిప్పలేక మీ ఉత్తరానికి తిట్టొకటి రాసి పంపుతాడు.

2000 సంవత్సరం వచ్చింది. పత్రికకి ఆ పేరు పెట్టిననాడు అది అంతకాలం బతుకుతుందని ఎవరూ అనుకోలేదు, అందుకే ధైర్యంగా పెట్టారు. సరిగ్గా ఆ ఏడాదే రెబెల్లియన్ అనే ఆక్స్‌ఫర్డ్ వీడియో గేముల కంపెనీ దాన్ని కొనుక్కుంది. “ఆటలాడుకునేవాళ్ల చేతికి పోయింది” అని మీరు ఆనాడే కర్మకాండ జరిపించేశారు. 2016లో రెండువేలో ప్రోగ్ వచ్చింది. పిండం పెట్టిన చేత్తోనే దాన్నీ కొనుక్కున్నారు, నాకు తెలుసు, మీ వెనకే నిలబడ్డాను.

ఇంక ఉంటాను. థార్గ్ భాషలో వీడ్కోలు చెప్పాలంటే, స్ప్లండిగ్ వర్ థ్రిగ్.

ఇట్లు,
మీ పాత బాకీదారు,
ఒక ఎర్త్‌లెట్

తా.క. నా చందా గడువు ఈ నెలతో తీరిపోతోంది. మీరు ఇన్నేళ్లుగా చెబుతున్నట్టే ఆపేద్దామని తీర్మానించుకున్నాను. కాకపోతే ఈ వారం మూడో కథలో ఒకడు మెట్లెక్కి తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. దాని వెనక ఎవరున్నారో చూశాక ఆపుతాను.