సవరకు పదాల పట్టిక చాలదు
ముందు పదాలు తెలుగు లిపిలో రాసుకుంటే సవర అనే గిరిజన భాష భద్రమైనట్టే అని ఒక వ్యాసకర్త రాసిన మాటతో ఏకీభవించలేను. సవరలో కొన్ని మాటల చివర గొంతు దగ్గర ఊపిరి టక్కున ఆగిపోతుంది. అచ్చుతో ముగిసే మాటలకు అలవాటుపడ్డ మన చెవి దాన్ని వదిలేస్తుంది, లేదా మధ్యలో ఒక అచ్చు కల్పించుకుంటుంది. ఊపిరి అలా ఆగడానికి మన లిపిలో గుర్తే లేదు. గిడుగు రామమూర్తి గారు 1931 నాటి సవర వ్యాకరణంలో ధ్వనులకు ప్రత్యేక సంకేతాలు వాడింది ఊరికే కాదు. పదనిర్మాణం ఇంకా చిక్కు. విడిగా పులిని ‘కినా’ అంటారు, అదే మాట క్రియలో దూరితే ‘కిడ్’ అయిపోతుంది: ‘ఞమ్‌కిడ్తమ్’ అంటే పులి నిన్ను పట్టుకుంటుంది, మొత్తం ఒకే మాట. పట్టికలో దీన్ని ఎక్కడ వెతుకుతారు? మాట్లాడే మనిషి పూర్తి వాక్యాలు, కథలు రికార్డు చేస్తేనే ఇవి బయటపడతాయి.