బ్రాకెట్ కాగితం వారికి ఒక బహిరంగ విన్నపం

మహారాజశ్రీ బ్రాకెట్ కాగితం వారి సముఖమునకు, ఒహాయో రాష్ట్రం నుంచి ఒక తెలుగు అభిమాని నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. తమరి క్షేమం గురించే కొంతకాలంగా దిగులుగా ఉంది. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంటుకు 2011లో మొదలైన 68 జట్ల లెక్క చాలదని, దాన్ని 72 చేయాలని, కాదు 76 చేయాలని, ఆ టోర్నమెంటు నడిపే ఎన్‌సీఏఏ సంస్థ పెద్దలు మాటలు మొదలుపెట్టిన నాటి నుంచి, ఏ జట్టు ఎవరితో ఆడుతుందో గీసి చూపుతూ, ఎవరు గెలుస్తారో మేము ముందే ఊహించి నింపేందుకు ఒక్క పేజీలో ఒద్దికగా ఇమిడిపోయే తమరి కాయానికి ఏ వైపున అతుకు వేస్తారోనని అభిమానులం గుబులు పడుతున్నాము.

తమరు మా ఇంటికి వచ్చేది సరిగ్గా ఉగాది పంచాంగం వచ్చే రోజుల్లోనే. మా ఫ్రిజ్ తలుపు మీద ఎడమవైపు తెలుగు క్యాలెండరు, కుడివైపు తమరు. ఇద్దరి అంచులనూ కలిపి పట్టి ఉంచేది తిరుమల నుంచి తెచ్చుకున్న ఒకే ఒక అయస్కాంతం. అక్కడ రాశికో ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం రాసి ఉన్నట్టే, తమరిలో జట్టుకో సీడు, అంటే బలమైనదానికి 1 మొదలుకొని ఇచ్చే వరుస సంఖ్య, 16 దాకా రాసి ఉంటుంది. 2018లో ఉగాదికి రెండు రోజుల ముందు, దేశం మొత్తంలో అగ్రస్థానం ఇచ్చి కూర్చోబెట్టిన వర్జీనియా జట్టును మేరీలాండ్ రాష్ట్రపు యూనివర్సిటీ, 16వ సీడు యూఎంబీసీ 74-54 స్కోరుతో ఓడించినప్పుడు, రాజపూజ్యం గడిలో ఏముందో అవమానం గడిలో ఏముందో మా ఫ్రిజ్ మీద తారుమారైపోయింది. పురుషుల టోర్నమెంటులో అలా జరగడం అదే మొదలు. అంతవరకు యూఎంబీసీ అంటే ఇక్కడి జనానికి చదరంగం జట్టు, మనవాళ్ళకు ఎంఎస్ అడ్మిషన్. ఆ రాత్రి ఎర్ర పెన్నుతో తమరి మీద నేను కొట్టిన అడ్డగీత కాగితాన్ని చించుకుని క్యాలెండరు మీద కూడా పడింది.

అలాంటి ఘనత తమరిది. ముందుగా ఆడించే నాలుగు ఆటలు పక్కన పెడితే 64 జట్లు, 63 ఆటలు. అన్నీ సరిగ్గా చెప్పాలంటే రెండును 63 సార్లు వేసి హెచ్చించగా వచ్చే సంఖ్యలో, అంటే సుమారు 92 వేల కోటి కోట్లలో, ఒక్కటి తగలాలి. అయినా ఆఫీసులో తలకు 5 డాలర్లు వేసుకుని, ఈసారి తగులుతుందనే నింపుతాము.

తమరు పుట్టుకతోనే ఈ రూపంలో లేరని నాకు తెలుసు. 1939లో ఉన్నవి 8 జట్లే. పెంచడమే పాపమని వాదించే మొండివాణ్ణి కూడా కాను. 1974లో ఏసీసీ అనే కాన్ఫరెన్సు (కొన్ని కాలేజీల కూటమి) ఫైనల్లో మేరీలాండ్ జట్టు అదనపు సమయం దాకా పోరాడి 103-100తో నార్త్ కరోలినా స్టేట్ చేతిలో ఓడిపోయి, కాన్ఫరెన్సుకు ఒక్కరే అన్న నియమం వల్ల ఇంట్లో కూర్చుంది. ఓడించిన జట్టు వెళ్ళి ఏకంగా దేశానికే చాంపియన్ అయింది. ఆ మరుసటి ఏడాది 32 జట్లు చేసి ఆ నియమాన్ని సడలించడం న్యాయమే. 1985లో 64 చేసినప్పుడైతే మొదటి ఏడాదే 8వ సీడు విల్లనోవా కప్పు ఎత్తుకుపోయింది. అప్పటికి తమరు ఎటు మడిచినా సమంగా మడతపడే కాగితం. ఆ తర్వాత 2001లో 65 అన్నారు, 2011లో 68 అన్నారు, డేటన్ నగరంలో ఫస్ట్ ఫోర్ అని ఒక అరుగు కట్టి, ఇంట్లోకి రావలసినవాళ్ళలో ఎనిమిది మందిని ముందుగా ఆ అరుగు మీద కుస్తీ పట్టమన్నారు.

ఇక్కడొక లెక్క మనవి చేయాలి. మన రైళ్ళలో ఆర్ఏసీ టికెట్టు ఎరిగినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. లోపలి పెట్టెలో బెర్తులు 64, వాటిని ఎవరూ పెంచడం లేదు. 68 జట్లున్నప్పుడు నేరుగా బెర్తు దక్కేది 60 జట్లకు. మిగిలిన 8 జట్లు నాలుగు బెర్తుల కోసం కొట్టుకుంటాయి. 76 చేస్తే అరుగు మీద 24 జట్లు, 12 ఆటలు, నేరుగా బెర్తు దక్కేది 52 జట్లకు. అంటే తలుపు వెడల్పు చేశామని చెబుతూ ఖాయమైన బెర్తుల్లో ఎనిమిదింటిని ఆర్ఏసీ కింద మార్చారన్నమాట. 1983లో టోర్నమెంటు మొత్తానికి ఉన్న జట్లే 52 అని గుర్తు చేస్తే, పెద్దలు దాన్ని అభివృద్ధి అంటారు. ఆ ఎనిమిది బెర్తులు ఎవరివి పోతాయన్నదే అభిమానుల అసలు అనుమానం. చిన్న కాన్ఫరెన్సులో పడీపడీ గెలిచి, ఆ ఊరంతా ముఖాలకు రంగులు పూసుకున్న చాంపియన్‌ను పొమ్మనలేక పొగబెట్టినట్టు మంగళవారం నాటి అరుగు ఆటకు పంపి, పెద్ద కాన్ఫరెన్సులో పదిహేను ఓడిన జట్టుకు బొట్టు పెట్టి పిలుస్తారని వారి భయం. పెద్ద కాన్ఫరెన్సయిన ఎస్‌ఈసీలోని 16 జట్లలో 14 జట్లకు 2025లో పిలుపు వచ్చింది కదా, ఆ మిగిలిన రెండు జట్ల మీద పెద్దలకు ఇంత జాలి ఎందుకో!

అయితే తమరి దగ్గర దాపరికం దేనికి, మా అభిమానుల సంగతీ చెప్పుకోవాలి. 2010లో 96 జట్లు అన్నప్పుడు ఇంతకన్నా పెద్ద గోల చేశాము. 68 దగ్గర ఆగేసరికి మనమే గెలిచామనుకుని ఇంటికి వెళ్ళాము. బేరంలో ముందు 96 చెప్పి 68కి ఇచ్చేవాణ్ణి మన కూరగాయల సంతలోనైతే ఇట్టే పసిగట్టేవాళ్ళం. 2011లో వీసీయూ అనే వర్జీనియా కాలేజీ జట్టుకు చోటు ఇచ్చినందుకు, జట్లను ఎంచే సెలెక్షన్ కమిటీకి బుద్ధి లేదన్నాము. అదే జట్టు డేటన్ అరుగు మీద నుంచి లేచి ఫైనల్ ఫోర్, అంటే చివరి నాలుగు జట్ల దాకా నడిచేసరికి, మేము ముందే చెప్పామన్నాము. 2025లో తమ రాష్ట్ర జట్టుకు పిలుపు రాలేదని వెస్ట్ వర్జీనియా గవర్నరు స్వయంగా పత్రికా సమావేశం పెట్టారు. పెంచితే నాణ్యత చచ్చిపోతుందని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఘోషించే అభిమాని, మార్చి మొదటి వారంలో తన జట్టు పిలుపు వస్తుందో రాదో తెలియని బబుల్ మీద వేలాడుతుంటే, కాస్త సర్దుకుని కూర్చుంటే ఇంకో నలుగురు పట్టరా అని అడుగుతాడు. అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరని మనవాళ్ళు అంటారు గానీ, ఇక్కడ మోసేవారికి కొదవ లేదు. టీవీ హక్కులకు ఏటా వంద కోట్ల డాలర్లకు పైగా చెల్లించేవారు, ఆ మంగళ బుధవారాల ఆటలు కూడా వదలకుండా చూసే మేమూ ఉన్నాము.

కావున తమరు దయయుంచి, ఎన్ని అతుకులు వేసినా ఒక్క పేజీ దాటకుండా ఉండవలసిందిగా ప్రార్థన. రెండో పేజీ అయితే మా అయస్కాంతం ఆగదు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆఫీసు పందెంలో ఎన్నడూ నెగ్గని ఒక అభిమాని

తా.క.: పై లేఖ రాసి కవరులో పెట్టాక తెలిసిన విషయం. మా అబ్బాయి ఈ ఏడాది చేరిన కాలేజీ జట్టు 17 గెలిచి 13 ఓడింది. లెక్కలు తెలిసినవారు అది 71వ స్థానంలో ఉన్నట్టేనంటున్నారు. 76 మరీ దురాశ అన్న నా మాటకు నేను కట్టుబడే ఉన్నాను. 72 దగ్గర ఆపితే సబబుగా ఉంటుంది.