ఫైల్ పేరు తెలుగులో పెట్టడం నేరమా?

పొద్దున్నే రెండో అంతస్తు ఆంటీ ఫోన్. "బాబూ, నీ మెయిల్లో నోనేమ్ అని ఏదో వచ్చింది, వైరస్ అనుకుని తీసేశాను." అది మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ పీడీఎఫ్. నేను పెట్టిన పేరు "ఆగస్టు రసీదు".

రసీదులు మెయిల్లో పంపే పైథాన్ స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రాం) ఎవరో రాసి వదిలేస్తే ఈ నెలే నా చేతికొచ్చింది. తెరిచి చూస్తే ఒళ్ళు మండింది. నెట్‌లో ఏ పాఠం చూసినా కనిపించే ఆ పాత లైనే! "అటాచ్‌మెంట్; ఫైల్‌నేమ్=" అని రాసి, పక్కన పేరు అతికించడం. ఇంగ్లీషు పేరైతే పనిచేస్తుంది. ఒక్క తెలుగు అక్షరం పడితే చాలు, "అటాచ్‌మెంట్" అన్న మాటతో సహా హెడర్ (ఫైలు గురించి మెయిల్ యాప్‌కి చెప్పే లైను) మొత్తం ఎన్‌కోడ్ అయి, వేరే గుర్తులుగా మారిపోతుంది. ఇక అవతలి మెయిల్ యాప్‌కి పేరెలా తెలుస్తుంది?

లోపలి ఫైలుకి మాత్రం ఏ లోటూ లేదు. బేస్64 అనే ఎన్‌కోడింగ్ పద్ధతిలో మూడు బైట్లకు నాలుగు అక్షరాల లెక్కన మారి, లైనుకు 76 చొప్పున భద్రంగా చేరుతుంది. ఫొటో చేరుతుంది, పాట చేరుతుంది. మన పేరే చేరదు.

దారి లేక కాదు. ఇలాంటి పేర్లు మెయిల్లో ఎలా పంపాలో చెప్పే ఇంటర్నెట్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 2231 వచ్చింది 1997లో. పైథాన్‌లో యాడ్_అటాచ్‌మెంట్ అనే ఫంక్షన్‌కి ఫైలు బైట్లు, ఫైల్ రకం, పేరు విడివిడిగా ఇస్తే మిగతాది అదే చూసుకుంటుంది. "శ్రీ" అన్న ఒక్క అక్షరం 12 బైట్లు, బైటుకు మూడు చొప్పున దారిలో 36 క్యారెక్టర్లవుతుంది. అవనీ! అవతల మళ్ళీ శ్రీగానే దిగుతుంది.

ఇది గ్రూపులో చెప్తే ఒకాయన, "పేరు ఇంగ్లీషులో పెడితే పోయేది కదా" అన్నారు. 1992లో బోరెన్‌స్టీన్, ఫ్రీడ్ మైమ్ అనే మెయిల్ ప్రమాణం తెచ్చిందే ఇంగ్లీషు దాటిన అక్షరాలు కూడా మెయిల్లో వెళ్ళాలని. ముప్పై ఏళ్ళు దాటాక కూడా సర్దుకోవాల్సింది మనమేనా?

నాన్న పోయాక ఆయన పద్యాల నోటుబుక్కులు స్కాన్ చేశాను. ప్రతి ఫైలుకీ పద్యం మొదటి మాటలే పేరుగా పెట్టి, ఇలాంటి స్క్రిప్టుతోనే అక్కకి పంపాను. 41 నోనేమ్‌లు చేరాయి. పాపం అక్క ఒక్కోటీ తెరిచి, ఆయన చేతిరాత కూడబలుక్కుని, ఏడుస్తూ మళ్ళీ పేర్లు పెట్టుకుంది. అప్పుడూ ఒక ఫ్రెండ్ ఇదే సలహా: "పోయెమ్ 1, పోయెమ్ 2 అని పెట్టాల్సింది." మా నాన్న పద్యానికి పోయెమ్ 1 అని పేరేంటండీ?

ఆ లైను తీసేసి ఆంటీకి రసీదు మళ్ళీ పంపాను. ఈసారి "ఆగస్టు రసీదు" అనే చేరింది.