డల్లాస్‌లో కొన్న ఫోన్ జగిత్యాలలో మోగాలంటే

అమెరికా నుంచో, దుబాయ్ నుంచో ఎవరైనా వస్తున్నారంటే మన ఇళ్లలో ముందు వినిపించే మాట ‘వచ్చేటప్పుడు ఒక ఐఫోన్ పట్టుకురమ్మను’. అక్కడ చవక అన్న నమ్మకం చాలాకాలంగా పాతుకుపోయింది. ఆ లెక్క ఇప్పుడు ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

2025లో ఐఫోన్ 17 ధర అమెరికాలో 799 డాలర్ల నుంచి, ఇక్కడ 82,900 రూపాయల నుంచి మొదలైంది. మన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. అమెరికా ధరలో పన్ను ఉండదు, బిల్లు వేసేటప్పుడు కలుపుతారు. డల్లాస్‌లో అది 8.25 శాతం. డాలరు 88 రూపాయల చొప్పున వేసుకుంటే ఆ ఫోన్ చేతికొచ్చేసరికి సుమారు 76,100. మిగిలేది ఏడు వేల లోపే. ప్రో మోడల్ సంగతి వేరు. 1,099 డాలర్ల ఫోన్ పన్నుతో కలిపి దాదాపు 1,04,700 అవుతుంది, ఇక్కడ అప్పటి ధర 1,34,900. ముప్పై వేల తేడా కనిపిస్తుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

అయితే ఆ డబ్బుతో కొంటున్నది మన దేశం కోసం చేసిన ఫోన్ కాదు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే ట్రే లేదు, అంతా ఈ-సిమ్మే, అంటే ఫోన్ లోపలే ఉండిపోయే సిమ్. 2025లో ఐఫోన్ 17తో ఇదే పద్ధతి సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లకూ వచ్చింది. ఇక్కడ అమ్మే ఐఫోన్ 17కు మాత్రం ట్రే ఉంది. జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు గల్ఫ్ కుటుంబాల్లో ఈ తేడా ఫోన్ ఇంటికి చేరాకే చాలామందికి తెలుస్తోంది.

ఈ-సిమ్ తీసుకోవడం పెద్ద పని కాదు. జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా మూడూ ఇస్తున్నాయి. కష్టమంతా ఫోన్ పాడైన రోజున మొదలవుతుంది. మామూలు సిమ్ అయితే పిన్నుతో బయటికి తీసి పాత ఫోన్లో వేసుకుంటే నిమిషంలో పని అయిపోతుంది. ఈ-సిమ్‌ను అలా పీకి పెట్టలేం. ఊళ్లో ఒంటరిగా ఉండే అరవై ఐదేళ్ల తల్లిని తలచుకోండి. బ్యాంకు ఓటీపీ, ఫోన్‌పే, గ్యాస్ బుకింగ్ అన్నీ ఆ ఒక్క నంబరు మీదే. ఫోన్ కిందపడి తెర నల్లబడితే ఆమె సిమ్ కంపెనీ దుకాణం వెతుక్కుంటూ పట్నం వెళ్లాలి. సిమ్ మార్చాక మోసాలు జరగకుండా 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపాలన్న నిబంధన కూడా ఉంది. కొడుకు డల్లాస్‌లో ఉంటే అర్ధరాత్రి ఫోన్లో ధైర్యం చెప్పడం తప్ప ఏం చేయగలడు? పెద్దవాళ్లకు ట్రే లేని ఫోన్ తేవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఫోన్ అమ్మిన టెలికాం కంపెనీ సిమ్ తప్ప వేరేది పనిచేయకుండా పెట్టే లాక్ ఇంకో తలనొప్పి. దాని సంగతి మా ఇంట్లోనే చూశాం. కొన్నేళ్ల కిందట మా అన్నయ్య తన పాత ఫోన్ అమ్మకు తెచ్చాడు. అక్కడి ఒక టెలికాం కంపెనీ దగ్గర వాయిదాల మీద తీసుకున్నది, బాకీ ఇంకా ఉంది. ఇక్కడి సిమ్ వేయగానే ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ అని వచ్చింది. అన్నయ్య తిరిగి వెళ్లి మిగతా వాయిదాలు కట్టి లాక్ తీయించేదాకా రెండు నెలలు అది బీరువాలోనే ఉంది. ఐఫోన్ సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్‌కి వెళ్తే ‘క్యారియర్ లాక్’ అన్న వరుస ఉంటుంది. దాని పక్కన ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉందో లేదో విమానం ఎక్కకముందే చూసుకోవాలి.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంకో చిక్కు. జియోకు 2జీ, 3జీ లేవు, మాట కూడా 4జీ, 5జీ మీదుగానే వెళ్తుంది. విదేశీ మోడల్‌లో ఆ నెట్‌వర్క్‌కు వోల్టీ (4జీ మీదుగా కాల్ మాట్లాడే సదుపాయం) పనిచేయకపోతే నెట్ వస్తుంది, కాల్ మాత్రం కలవదు.

వీడియో గేమ్ పరికరాలకూ సరిహద్దులు గీస్తున్నారు. నింటెండో స్విచ్ 2ను 2025లో జపాన్‌లో 49,980 యెన్‌లకు అమ్మారు. అది జపనీస్ భాషలోనే, జపాన్ ఖాతాతోనే నడుస్తుంది. అన్ని భాషలదానికి 69,980 యెన్‌లు పెట్టారు. పైగా నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మదు కాబట్టి చెడిపోతే బాగుచేయించే కంపెనీ సర్వీసు సెంటరు కూడా దొరకదు.

ఇవన్నీ డబ్బు నష్టాలు. కొన్ని వస్తువులు తెచ్చినవాళ్లను కేసుల్లోకి లాగుతాయి. విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో నిషేధించారు. ట్రెక్కింగ్‌కు వెళ్లేవాళ్లు వాడే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరాలు అనుమతి లేకుండా సంచిలో ఉంటే విమానాశ్రయంలోనే అదుపులోకి తీసుకోవచ్చు, అలా చిక్కుకున్న విదేశీయులు ఉన్నారు. ఈ-సిగరెట్లకు 2019 నుంచే నిషేధం.

కస్టమ్స్‌లో ఒక ల్యాప్‌టాప్‌కు ప్రత్యేక మినహాయింపు ఉంది, కొత్త ఫోన్‌కు లేదు. దాని విలువ ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగల మొత్తం పరిమితిలోనే పడుతుంది, దాటినదానిపై సుంకం కట్టాలి. అమెరికాలో చదువుకునే పిల్లవాడి చేత చుట్టాలందరికీ కలిపి మూడు సీలు తీయని పెట్టెలు మోయించేటప్పుడు ఇది ఎవరూ ఆలోచించరు. శంషాబాద్‌లో అధికారి ముందు నిలబడేది వాడే.

సొంతంగా వాడుకునేవాళ్లు, ఈ-సిమ్ అలవాటున్నవాళ్లు పూర్తి ధర కట్టి, లాక్ లేని ప్రో మోడల్ తెచ్చుకుంటే లాభమే. సిమ్‌తో పనిలేని ఇయర్‌బడ్స్, కిండిల్ లాంటివాటికి ఈ గొడవే లేదు. అమ్మానాన్నలకైతే డబ్బు పంపండి. ఊరికి దగ్గరి పట్నంలో బిల్లుతో కొంటే, చెడిపోయినప్పుడు ఆ బిల్లు పట్టుకుని వాళ్లే వెళ్లి అడగగలరు.