ముందు జవాబు చెబుదాం, రూల్స్ తర్వాత

పోయిన నెల మన సాహిత్య చర్చా గ్రూపులో కొత్తగా చేరిన ఒకావిడ ఒక ప్రశ్న వేశారు. "నెలనెలా చర్చకు కథని ఎవరు ఎంపిక చేస్తారండీ? నేను కూడా ఒకటి సూచించవచ్చా?" అంతే. వచ్చిన మొదటి జవాబు, "పైన పిన్ చేసిన మెసేజీ చదవండి." రెండోది, "ముందు కొన్నాళ్ళు చర్చలు ఫాలో అవండి, మీకే తెలుస్తుంది." ఆ రెండింటికీ లైకులు వరసగా పడ్డాయి. సాయంత్రానికి ఆవిడ గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళారని ఎవరూ అడగలేదు.

నాకు మనసు చివుక్కుమంది. ఆ పిన్ చేసిన మెసేజీ ఏమిటో తెరిచి చూశాను. ఎప్పటిదో పాత సభ తాలూకు జూమ్ లింకు, పాస్‌వర్డు, "దయచేసి మ్యూట్‌లో ఉండండి" అన్న మనవి. కథల ఎంపిక గురించి ఒక్క ముక్క లేదు. నిజానికి ఆ ప్రశ్నకి జవాబు ఒక్క వాక్యం: ఓ నలుగురైదుగురు పాతవాళ్ళం మాట్లాడుకుని ఎంచుతున్నాం, ఎవరైనా సూచించవచ్చు. ఇది ఎక్కడా రాసి లేదు కాబట్టే ఆవిడ అడగాల్సి వచ్చింది.

పాతవాళ్ళ విసుగు నాకు తెలియనిది కాదు. అడిగిందే అడుగుతుంటే ఎంతటివారికైనా ఓపిక తగ్గుతుంది. ఈ బాధ మనతో మొదలవలేదు. వెబ్‌కి ముందే మొదలైన యూజ్‌నెట్ అనే ఆన్‌లైన్ చర్చావేదిక రోజుల్లో ఏటా సెప్టెంబరులో యూనివర్సిటీల్లో చేరిన కొత్త విద్యార్థులు చర్చల్లోకి వచ్చిపడేవారు. కొన్ని వారాలు గందరగోళంగా ఉండేది, తర్వాత వాళ్ళకీ పద్ధతులు అలవాటయ్యేవి. ఏఓఎల్ లాంటి ఇంటర్నెట్ సంస్థలు తమ చందాదారులకు అక్కడికి దారి తెరిచాక కొత్తవాళ్ళ రాక ఇక ఆగలేదు. అందుకే 1993 సెప్టెంబరు ఇంకా ముగియలేదని పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాసిపెట్టే పద్ధతి అక్కడ బలపడింది కూడా ఇలా అడిగిందే అడిగే కొత్తవాళ్ళ కోసమే. కానీ వాళ్ళు ఆ జవాబులు రాశారు, ఎప్పటికప్పుడు సరిచేశారు. ఆ తర్వాతే చదవమన్నారు.

నేను అడుగుపెట్టిన మొదటి చర్చ కూడా యూజ్‌నెట్‌లోదే, ఎస్‌సీఐటీ అని మనవాళ్ళు పిలుచుకున్న తెలుగు గుంపు. అప్పట్లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో ఆర్‌టీఎస్ పద్ధతిలో రాసేవాళ్ళం. పెద్ద టీ కొడితే 'ట', చిన్న టీ కొడితే 'త'. నేను చాలాకాలం చదువుతూ ఊరుకున్నాను. ఎవరు ఎవరితో విభేదిస్తారో, విభేదించాక కూడా మర్నాడు ఎంత ఆప్యాయంగా పలకరించుకుంటారో చూస్తూ ఉండేవాణ్ణి. చివరికి ధైర్యం చేసి, అక్కడ తరచూ రాసే ఒక పెద్దాయనకి విడిగా మెయిల్ పెట్టి ఈ రాత ఎలా నేర్చుకోవాలని అడిగాను. ఆయన అక్షరాల పట్టీ మొత్తం టైపు చేసి పంపారు. కింద ఒక వాక్యం: "బాబూ, మొదటి ఉత్తరం దేనిమీద రాస్తున్నావు?"

ఆ ప్రశ్న నన్ను లోపలికి లాగింది. నేను రాయగలనా అని ఆయన అడగలేదు. రాస్తానన్నది ఆయన దృష్టిలో తేలిపోయిన సంగతి. రాశాక అందరి ముందూ నా వాక్యాలు రెండు ఎత్తి చూపి, "ఇలా ఎందుకు అనుకుంటున్నారు?" అని గట్టిగానే నిలదీశారు. విడిగా 'నువ్వు' అన్నాయన సభలో 'మీరు' అన్నారు. నా మాటని లెక్కలోకి తీసుకున్నారని అప్పుడు తెలిసింది.

ఆన్‌లైన్ సమూహాల్లో సుమారు 90 శాతం మంది చదివి ఊరుకుంటారని, 9 శాతం అప్పుడప్పుడు రాస్తారని, ఎక్కువ భాగం రాసేది ఆ మిగిలిన ఒక్క శాతమేనని వెబ్‌సైట్ల వాడుక మీద పరిశోధించే జేకబ్ నీల్సన్ 2006లో రాశారు. చదివి ఊరుకోవడం తప్పేమీ కాదు, అదీ పాల్గొనడమే. కానీ నోరు తెరిచి అడిగేవాళ్ళు అంత తక్కువమంది అయినప్పుడు, అడిగిన మనిషిని పోగొట్టుకోవడం మనకే నష్టం.

పనిలో పాల్గొంటూ మనుషులు ఎలా నేర్చుకుంటారో చెబుతూ జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అనే పరిశోధకులు 1991లో తెచ్చిన పుస్తకంలో లైబీరియా దర్జీల సంగతి ఉంది. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు మొదట గుండీలు కుడతారు, అంచులు మడుస్తారు. బట్ట కత్తిరించడం తర్వాత సంగతి. పని చిన్నదే, కానీ అది ఎవరో తొడుక్కోబోయే అసలు చొక్కా మీద చేసే పని. "కొన్నాళ్ళు ఫాలో అవండి" అనేవాళ్ళు మరిచిపోయేది దీన్నే. ఊరికే చూస్తూ కూర్చోమంటే ఎంతకాలమని కూర్చుంటారు?

కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక మాట. పాత చర్చలు ఒకటి రెండు పూర్తిగా చదవండి. పెద్ద వ్యాసంతో దిగక్కర్లేదు, ఎవరో ఒకరు అన్న ఒక మాట పట్టుకుని మీకు తోచింది రాయండి. జవాబు రాకపోతే మళ్ళీ అడగండి, మొహమాటపడకండి.

ఇక కార్యవర్గానికి నా విన్నపం. ఆ పిన్ చేసిన మెసేజీ ఈ వారమే తీసేయండి. కొత్తది రాసే పని ఈ ఏడాది చేరినవాళ్ళలో ఒకరికి ఇవ్వండి. ఏం తెలియక ఇబ్బందిపడ్డారో వాళ్ళకే బాగా తెలుసు. వచ్చే నెల కథని కూడా వాళ్ళనే ఎంచుకోనివ్వండి. ఆ రోజు చర్చలో మొదటి అరగంట పాతవాళ్ళం ఎవరం మైకు తీసుకోవద్దు.